నెలకోసారి కూర్చుందాం: కాలనీలో రిటైరైనవారి నెలవారీ సమావేశం మొదలుపెట్టి నిలబెట్టే పద్ధతి

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా కాలనీ హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ఉంటుంది. 2019 జనవరిలో ఏడుగురం కలిసి మొదలుపెట్టిన నెలవారీ సమావేశానికి ఇప్పుడు నలభై, నలభై ఐదు మంది దాకా వస్తున్నారు. పక్క కాలనీవాళ్లూ, విజయవాడలో ఉండే మా ఆడపడుచూ "మా దగ్గరా పెట్టాలనుకుంటున్నాం, ఎలా చేయాలో చెప్పు" అని అడుగుతూనే ఉన్నారు, ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాసేస్తే ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది, సమావేశం అయిన మర్నాడు రానివాళ్లకు చేసే ఫోన్. హాలు, మైకు, వక్త, టీ అన్నీ కావాలి, వాటన్నిటి గురించీ రాస్తాను. కానీ ఆ ఫోన్ చేసే ఓపిక మీలో ఇద్దరికైనా లేకపోతే, ఆరు నెలలు తిరిగేసరికి ఆరోగ్యంగా ఉన్న పదిమందే మిగులుతారు. ఎవరి కోసం పెట్టామో వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు.

మొదటి పని: నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరగడం

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి "ఆసక్తి ఉన్నవారు పేరు ఇవ్వగలరు" అంటే పేర్లు వస్తాయి, మనుషులు రారు. మనమే వెళ్లాలి. ఇద్దరిద్దరుగా, వీలైతే ఒక ఆడమనిషి, ఒక మగమనిషి కలిసి వెళ్లండి. ఏ ఇంట్లో పెద్దవాళ్లున్నారో మీకు తెలియకపోతే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను, మెడికల్ షాపు అబ్బాయిని అడగండి, వాళ్లకు తెలిసినంతగా కాలనీ అసోసియేషన్‌కు కూడా తెలియదు. ముఖ్యంగా ఊళ్లో ఇల్లు తాళం వేసుకుని కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు ఏ లిస్టులోనూ ఉండరు. ఇక్కడ వాళ్లకు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ ఉండరు. వాళ్లను తప్పకుండా వెతికి పట్టుకోవాలి.

వెళ్లినప్పుడు మేము మూడే అడిగాం. ఏ రోజు, ఏ టైములో మీకు కుదురుతుంది? హాలు దాకా నడిచి రాగలరా, ఎవరైనా తోడు రావాలా? మీకు బాగా తెలిసిన పని ఏమిటి? మూడో ప్రశ్న దగ్గర మనుషులు కుర్చీలో ముందుకు జరిగి మాట్లాడటం మొదలుపెట్టేవారు, ఆ జవాబుల నుంచే మాకు తర్వాత రెండేళ్లకు సరిపడా కార్యక్రమాలు దొరికాయి.

ఇక్కడే ఇంకో సంగతి. ఒక ఇంట్లో ఆయన పేరు రాసుకుని "మరి మీరండీ వదినగారూ" అంటే, "నేనేం ఉద్యోగం చేశానమ్మా, నేను రిటైరవడమేంటి" అన్నారు ఆవిడ. ఆవిడ పొద్దున నాలుగున్నరకు లేచి యాభై ఏళ్లు ఆ ఇంటిని నడిపిన మనిషి. ఆ సాయంత్రమే మేము "రిటైరైన ఉద్యోగులు" అనే మాట తీసేసి, అరవై దాటినవాళ్లు ఎవరైనా రావచ్చని రాసుకున్నాం. మీరు మొదటి చీటీలోనే అలా రాయండి, లేకపోతే సగం మంది ఆడవాళ్లు తమను పిలవలేదనే అనుకుంటారు.

నడిపించేవాళ్లను మాత్రం కొత్తగా రిటైరైనవారిలో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగులు 62కి, తెలంగాణలో 61కి బయటికొస్తున్నారు, మొదటి ఏడాది వాళ్లకు పొద్దుపోదు, ఒంట్లో శక్తి ఉంటుంది, ఫైలు పెట్టడం, లెక్క రాయడం చేతిలో పని. డెబ్బై ఐదు దాటినవాళ్లకు ఈ సమావేశం ఎక్కువ అవసరం, అరవై రెండేళ్లవాళ్లు నడిపితే ఇద్దరికీ బాగుంటుంది.

చోటు

కాలనీ కమ్యూనిటీ హాలు, అపార్ట్‌మెంట్ సెల్లారు, శాఖా గ్రంథాలయం, సెలవురోజు స్కూలు గది, ఇవే సాధారణంగా దొరికేవి. గుడి మండపం సులువుగా దొరుకుతుంది కానీ మా వీధిలో ముస్లిం కుటుంబాలు, చర్చికి వెళ్లేవాళ్లు ఉన్నారు, వాళ్లు మొహమాటానికి ఒకసారి వచ్చి తర్వాత మానేస్తారు. అందరిదీ అనిపించే చోటే చూడండి.

హాలు ఒప్పుకునే ముందు చేతికర్రతో నడిచే ఒక పెద్దాయనను వెంట తీసుకెళ్లండి. గేటు దగ్గర నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి బాత్రూం దాకా ఆయనను నడవనివ్వండి. మనకు కనిపించని మెట్టు ఆయన కాలికి తగులుతుంది. మా హాలుకు ముందు మూడు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు, మొదటి డబ్బులు మేము ఆ మెట్ల పక్కన ఇనుప పైపు వేయించడానికే ఖర్చు పెట్టాం. వెస్టర్న్ టాయిలెట్ లేని చోటు ఎంత బాగున్నా వద్దు. బాత్రూం భయంతో మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లుంటారు, వాళ్లు ఆ మాట మనతో చెప్పరు.

చేతులు ఆనించుకునే కుర్చీలు కావాలి. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో నుంచి లేవాలంటే మోకాళ్లనొప్పి ఉన్నవాళ్లకు ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సి వస్తుంది, అది వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది.

ఇక వినబడటం. ఇది ఎక్కువమంది పట్టించుకోరు, నేను ముప్పై ఏళ్లకు పైగా చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని బతికాను కాబట్టి గట్టిగా చెబుతాను. చెవి మందగించినవాళ్లు పెదవులు చూసి సగం మాట అందుకుంటారు, అందుకని మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుగు పడాలి, వెనక కిటికీ ఉండకూడదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్లకు ఫ్యాను చప్పుడు కూడా పెద్దదై వినిపిస్తుంది, వాళ్లను చప్పుడు చేసే ఫ్యాను కింద కూర్చోబెట్టొద్దు. "నాకు మైకు అక్కర్లేదండీ, నా గొంతు పెద్దదే" అనే వక్తకు కూడా మైకు చేతిలో పెట్టండి. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పాకే జవాబు మొదలవ్వాలి.

రోజు, టైము

మేము రెండో శనివారం పెట్టుకున్నాం. మామూలు రోజుల్లో మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య సగం మంది తాతలు, అమ్మమ్మలు స్కూలు బస్సు దగ్గర నిలబడి ఉంటారు, మనం ఎంత మంచి కార్యక్రమం పెట్టినా రాలేరు. రెండో శనివారం బ్యాంకులకు, ప్రభుత్వ ఆఫీసులకు సెలవు, కొన్ని ఇళ్లలో పిల్లల తల్లిదండ్రులు ఇంట్లో ఉంటారు, మనవళ్ల బాధ్యత ఆ పూటకు తప్పుతుంది, బండి మీద దింపేవాళ్లూ దొరుకుతారు, పైగా వక్త ఉద్యోగంలో ఉన్నవారైనా రాగలుగుతారు.

సాయంత్రం నాలుగు నుంచి ఆరు మాకు కుదిరింది. వంట అయిపోయి ఆడవాళ్లకు కాస్త ఊపిరాడే టైము అది. నవంబర్, డిసెంబర్ నెలల్లో హైదరాబాద్‌లో అయిదూ నలభైకే సూర్యుడు అస్తమిస్తాడు, విశాఖలో ఇంకా ముందే, కాబట్టి చలికాలంలో మూడున్నరకే మొదలుపెట్టి చీకటి పడకముందే అందరినీ పంపించేయాలి. శుక్లాలున్నవాళ్లకు ఎదురుగా వచ్చే బండి లైటు పెద్ద భయం. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు భయపడి మానేయకుండా పొద్దున ఏడింటికి మార్చుకోండి, ఇడ్లీ తిని తొమ్మిదింటికి ఇళ్లకు వెళ్లిపోవచ్చు.

ఒకసారి రోజు పెట్టుకున్నాక ఇక కదపొద్దు. వక్త రాలేదని, వానొచ్చిందని, పెళ్లిళ్ల సీజనని వాయిదా వేయొద్దు. ఒక ఆషాఢంలో కుండపోత వానలో ఆరుగురమే వచ్చాం, కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చుని ఎవరి ఊళ్లో వాన ఎలా ఉండేదో చెప్పుకున్నాం. అమెరికాలో డాలస్ తెలుగువాళ్లు టాంటెక్స్ సంస్థ తరఫున 'నెల నెలా తెలుగు వెన్నెల' అని సాహిత్య సభను ఏళ్ల తరబడి నెలనెలా జరుపుకుంటూ వస్తున్నారు. ఎవరూ గుర్తు చేయకుండానే "ఈ శనివారం మనది" అని మనసులో పడిపోవాలి, ఆ స్థితి వచ్చేదాకా ఏడాది పడుతుంది.

వేదిక వద్దు, శాలువా వద్దు

మన సభల అలవాటు మనకు తెలిసిందే. వేదిక మీదకు ఆరుగురిని పిలవడం, ఒక్కొక్కరికీ పూలదండ, అధ్యక్షుల వారి తొలిపలుకులు, ముఖ్య అతిథి పరిచయం, మొమెంటో, వందన సమర్పణ. మా రెండో నెల సమావేశంలో అసలు మాట మొదలయ్యేసరికి యాభై నిమిషాలు గడిచిపోయింది, వెనక వరసలో ఉన్న షుగరున్న పెద్దావిడకు కళ్లు తిరిగాయి. ఆ రోజుతో దండలు, శాలువాలు మానేశాం. వచ్చినవారికి ఒక పుస్తకమో, చిన్న మొక్కో ఇస్తాం, అదీ చివర్లో.

కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేయండి. వరసలుగా వేస్తే మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక కూర్చుంటారు, ఎవరూ చెప్పకుండానే అలా జరిగిపోతుంది. మొదటి నాలుగు నెలలు పేరు, ఊరు మాత్రమే చెప్పి పరిచయం చేసుకోవాలని నియమం పెట్టుకున్నాం. హోదా చెప్పొద్దు. ఒక శాఖలో జాయింట్ డైరెక్టర్‌గా చేసినాయనా, అదే శాఖలో అటెండర్‌గా చేసినాయనా మా కాలనీలోనే ఉంటారు, పెద్దాయన రాగానే ఈయన లేచి నిలబడేవాడు. "మాది తెనాలి పక్కన" అంటే "మా అక్కగారిని అక్కడే ఇచ్చారు" అని మొదలైన మాటలు నెమ్మదిగా ఆ లేచి నిలబడటాన్ని మాన్పించాయి.

ఇంకొకటి, కాస్త నొప్పి కలిగించే విషయం. జ్యోతి వెలిగించడం, గుమ్మం దగ్గర పసుపు కుంకుమ ఇవ్వడం మనకు మంచి మర్యాదే. కానీ భర్త పోయిన ఆడవాళ్లు ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి పక్కకు జరుగుతారు, నేను చూశాను. మా సమావేశానికి వచ్చేవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువమంది. కాబట్టి గుమ్మం దగ్గర అందరికీ ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. దీపం పెట్టాలనుకుంటే ఆ నెల అందరికన్నా పెద్దవయసు వారి చేత పెట్టించండి, ఎవరైనా సరే.

మాట్లాడేవాళ్లను ఎలా పిలవాలి

బయటి నుంచి వచ్చే వక్తకు ఫోన్ చేసి నాలుగు విషయాలు స్పష్టంగా చెప్పండి: ఇరవై ఐదు నిమిషాలే, తెలుగులోనే, ఇంటికి పట్టుకెళ్లడానికి మూడు సంగతులు చాలు, ఏదీ అమ్మకూడదు. ఆ మూడు సంగతులూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ముందే పంపమనండి, జిరాక్స్ తీసి పంచండి. అక్షరం అద్దాలు లేకుండా కనబడేంత పెద్దదిగా ఉండాలి. టైము అయిపోయిందని చెప్పడానికి నేను ముందు వరసలో కూర్చుని లేచి నిలబడతాను, అంతే, అది ముందే చెప్పి ఉంచుతాను కాబట్టి ఎవరూ బాధపడలేదు.

ప్రశ్నలకు ఇరవై నిమిషాలు ఉంచండి. ప్రశ్నలు చీటీల మీద రాసి డబ్బాలో వేయించండి, పేరు అక్కర్లేదు. ఇది చాలా ముఖ్యం. ఒక లాయరు గారు 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి చెప్పడానికి వచ్చారు. పిల్లల పేరు మీద ఇల్లు గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు తమను చూసుకోవాలనే షరతు కాగితంలో ఉంటే, చూసుకోనప్పుడు సెక్షన్ 23 కింద ఆ రాతను రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చనీ, అందుకు ఆర్డీవో దగ్గరికే వెళ్లాలనీ ఆయన చెప్పారు. ఎవరైనా ప్రశ్న అడుగుతారా అంటే ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. డబ్బా తెరిస్తే పదకొండు చీటీలున్నాయి. ఎవరు రాశారో నేను చూడలేదు, చూడనని అందరికీ ముందే మాటిచ్చాను.

డాక్టర్లు వచ్చినప్పుడు సొంత రిపోర్టులు అందరి ముందు తీయనివ్వకండి. మోకాళ్లు, పడిపోకుండా ఉండటం, మందులు కలిసి తీసుకుంటే వచ్చే ఇబ్బందులు, నిద్ర, చెవి, ఇలాంటివి అందరికీ పనికొస్తాయి. పెద్ద ఆస్పత్రి స్పెషలిస్టు కన్నా మా దగ్గర ఎక్కువ పనికొచ్చింది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి, కుర్చీలో నుంచి చేతులు ఆనకుండా లేవడం ఎలాగో అందరి చేతా చేయించి వెళ్లింది, ఇప్పటికీ ప్రతి నెలా మొదట అయిదు నిమిషాలు అది చేస్తాం.

కానీ బయటివాళ్లు ఏడాదికి ఆరుగురు చాలు. మిగతా ఆరు నెలలు మన మధ్య ఉన్నవాళ్లే మాట్లాడాలి. 1973లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో రిటైరైనవారి కోసం 'మూడో వయసు విశ్వవిద్యాలయం' అని మొదలైంది. తర్వాత ఇంగ్లండ్‌లో ఆ పద్ధతిని మార్చి, జీతమిచ్చి పంతుళ్లను పెట్టకుండా సభ్యులే ఒకరికొకరు నేర్పుకునేలా చేశారు. మన కాలనీలోనూ ఆ సంపద ఉంది, బయటికి తీసే పద్ధతే తెలియాలి.

మా పద్ధతి ఇదీ. "వచ్చే నెల మీరు ప్రసంగించాలి" అంటే ఎవరైనా భయపడతారు. అందుకని ప్రసంగం వద్దు, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. అడిగే మనిషి ముందురోజు ఇంటికి వెళ్లి గంటసేపు మాట్లాడి, ఎక్కడ ఏ కథ ఉందో తెలుసుకోవాలి. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయన, ఎప్పుడూ వెనక కూర్చుని మాట్లాడకుండా వెళ్లిపోయే మనిషి, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కొత్తగా పనిలో చేరిన కుర్రాడట. స్తంభాలు ఎత్తడానికి పంపితే అక్కడ ఏం చూశాడో నలభై నిమిషాలు చెప్పాడు. చెబుతూ రెండుసార్లు ఆగిపోయాడు, ఎవరూ తొందర పెట్టలేదు. ఆయన భార్య నాతో తర్వాత అన్నారు, ఇందులో సగం నాకూ తెలియదని.

ఆర్టీసీ డ్రైవర్ శ్రీశైలం ఘాట్ గురించి, నర్సుగా చేసినావిడ రాత్రి డ్యూటీల గురించి, ఏటా వంద కాయ ఆవకాయ పెట్టే మామ్మగారు ఆవపిండి, కారం, ఉప్పు పాళ్ల గురించి (ఆ రోజు వచ్చినంత జనం ఏ రోజూ రాలేదు), ఇలా నడిచింది. చెప్పేవారి అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసి పిల్లలకు పంపండి. విదేశాల్లో ఉన్న కొడుకులు, కూతుళ్లు విని మళ్లీ ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలు ఆ పెద్దవాళ్లకు ఎంత ఇష్టమో చెప్పలేను.

ఏడాది ప్లాను

మొత్తం పన్నెండు నెలలకు ముందే రాసుకోండి, కానీ అవసరం ఉన్న నెలకు కాస్త ముందు ఆ విషయం రావాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ సాధారణంగా నవంబర్‌లో ఇవ్వాలి, వారిలో 80 నిండినవారు అక్టోబర్ 1 నుంచే ఇవ్వవచ్చు. కాబట్టి మేము అక్టోబర్ సమావేశం మొత్తం దానికే పెడతాం. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేయవచ్చు. వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ తీసుకోక ఇబ్బంది పడ్డవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఫోన్లు తెలిసిన నలుగురు ఇంటర్మీడియట్ పిల్లలను పిలిపించి, ఆధార్, పింఛను పుస్తకం పట్టుకుని రమ్మని, అక్కడికక్కడే చేయించి పంపండి. ఎలా చేయాలో చెప్పి పంపితే ఇంటికెళ్లాక సగం మందికి కుదరదు.

మోసాల గురించి ఏడాదికి రెండుసార్లు పెట్టండి, ఒకసారి చాలదు. పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియో కాల్ చేసి "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, ఫోన్ పెట్టకూడదు" అని భయపెట్టి డబ్బు లాగుతున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఇద్దరు సభ్యుల చేత ఆ ఫోన్ సంభాషణను నాటకంలా ఆడించాం, ఎప్పుడు పెట్టేయాలో అందరి చేతా గట్టిగా చెప్పించాం. ఆ రోజే ప్రతి ఫోన్‌లో సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు సేవ్ చేయించాం. డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకు చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ, సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం పోతుంది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 కూడా అప్పుడే చేర్చండి.

70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ చివర్లో వచ్చింది, ఇంకా చాలామంది తీయించుకోలేదు, దానికీ ఒక పూట పెట్టండి. పోస్టాఫీసు, బ్యాంకుల్లో ఉండే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చన్న సంగతీ, ఏప్రిల్‌లో బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ కోయకుండా ఇచ్చే డిక్లరేషన్ సంగతీ ఒకే సమావేశంలో అయిపోతాయి.

ఇవన్నీ అవసరాలు. వీటితోనే నింపేస్తే సమావేశం ఆఫీసు పనిలా తయారవుతుంది. ఉగాదికి పచ్చడి, కవితలు. ఆగస్టు 29, సెప్టెంబర్ 9 భాషా దినోత్సవాల దగ్గర్లో చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టిన పద్యాలు, ఎవరికి గుర్తున్నంత వాళ్లు చెప్పడం, మరిచిపోయిన పాదం పక్కవాళ్లు అందించడం. కార్తీకంలో ఉసిరి చెట్టున్న తోటలో వనభోజనం. డిసెంబర్ 17 పెన్షనర్ల దినోత్సవం, 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదని, హక్కని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు కథ చెప్పుకోవడానికే ఒక సాయంత్రం సరిపోతుంది. ఇంకా, వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే దాదాపు ఎనభై ఒకటి నిండినవారికి, ఇంట్లో చేసే సహస్ర చంద్ర దర్శనంతో పాటు మన సమావేశంలో కూడా చిన్న వేడుక చేయండి. పిల్లలు దూరంగా ఉండి ఇంట్లో చేసేవాళ్లు లేనివారికి ముందు చేయండి.

టీ, ఫలహారం, డబ్బు

టీ మొదటే ఇచ్చేయండి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే టైములో టీ తాగుతూ మాట్లాడుకుంటారు. రెండు ఫ్లాస్కులు పెట్టి, చక్కెర లేనిదాని మీద పెద్దగా రాసి అంటించండి. శనగ గుగ్గిళ్లు, ఉడికించిన వేరుశెనగలు, రవ్వ ఉప్మా మాకు కుదిరాయి. పళ్లు లేనివారికి గుగ్గిళ్లు నమలడం కష్టం, అరటిపండు ఉంచండి. షుగరు పడిపోయినవారి కోసం గ్లూకోజు ప్యాకెట్లు టేబుల్ మీదే ఉండాలి, 108కి ఎవరు ఫోన్ చేయాలో, ప్రతి ఒక్కరి ఇంటి నంబరు ఏ పుస్తకంలో ఉందో కనీసం ముగ్గురికి తెలిసి ఉండాలి.

నలభై మందికి నెలకు మాకు 1,500 దాటదు. గుమ్మం పక్కన మూత ఉన్న డబ్బా ఉంటుంది, వేయగలిగినవారు వేస్తారు. నెల చందా పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఒక ఇంట్లో నెలకు అరవై వేల పింఛను వస్తుంది, పక్కింట్లో ఈపీఎస్ (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల పింఛను పథకం) కింద కనీస పింఛను వెయ్యి రూపాయలే. యాభై రూపాయలే కదా అని మనకు అనిపిస్తుంది, ఆ యాభై లేక రానివారు కారణం ఎప్పటికీ చెప్పరు. ప్రతి నెలా లెక్క కాగితం గోడకు అంటించండి, డబ్బు ఒకరి దగ్గర, లెక్క ఇంకొకరి దగ్గర. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, మొదటి ఏడాది ఆ జోలికి వెళ్లకండి. అధ్యక్షుడు, కార్యదర్శి అని పదవులు రాగానే ఎన్నికలు, అలకలు వస్తాయి.

గుమ్మం బయటే ఆపాల్సినవి

అమ్మకం. మా మూడో నెలలో "ఉచిత పరీక్షలు" అని వచ్చినవాళ్లు బీపీ చూసి, అందరి నంబర్లూ రాసుకుని వెళ్లి, తర్వాత రెండు నెలలు ప్యాకేజీ కొనమని రోజూ ఫోన్లు చేశారు. అప్పటి నుంచి సభ్యుల నంబర్లు ఎవరికీ ఇవ్వం. ప్లాట్ల వెంచరు, ఇన్సూరెన్స్, అయస్కాంతం పరుపులు, నీళ్ల మెషీన్లు, చిట్టీలు, సభ్యుడే తెచ్చినా సరే, వద్దని మర్యాదగా చెప్పేయాలి. రాజకీయాలు, కులం కూడా గుమ్మం బయటే. పిల్లల జీతాలు, అమెరికా ఇళ్ల కబుర్లు నియమంతో ఆగవు, కానీ పిల్లలు లేనివారు, పిల్లలు పోయినవారు ఆ గదిలో ఉన్నారని నిర్వాహకులకు గుర్తుండాలి, మాట అటు వెళ్లగానే నెమ్మదిగా మళ్లించాలి.

మర్నాటి ఫోన్

ఇప్పుడు మొదట చెప్పిన దగ్గరికి వస్తాను. రిజిస్టర్‌లో వచ్చినవారి సంతకాలు ఉంటాయి కదా, ఇంటికెళ్లాక సంతకం లేని పేర్లన్నీ వేరే కాగితం మీద రాయండి. ఫోన్ చేసేవాళ్లు ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరికీ ఆరేడు ఇళ్లు పడతాయి. ఎప్పుడూ అవే ఇళ్లు ఉంచండి, గొంతు గుర్తుపట్టాలి.

ఫోన్‌లో "ఎందుకు రాలేదు" అనొద్దు, అది హాజరు అడిగినట్టు ఉంటుంది. "నిన్న మీ కుర్చీ ఖాళీగా కనిపించింది బాబాయిగారూ, ఒంట్లో బాగుందా" అనండి. బాగుందంటే నిన్న ఏం జరిగిందో రెండు నిమిషాలు చెప్పండి, వచ్చే నెల ఏముందో చెప్పండి. తర్వాత కాసేపు ఆగండి. ట్రంకు కాల్స్ కలిపిన రోజుల నుంచీ నాకు తెలిసిన సంగతి, మనుషులు అసలు మాట "సరే ఉంటాను" అనడానికి ముందు చెబుతారు. ఒక రిటైర్డ్ కండక్టర్ గారు అలాగే చివర్లో, బాత్రూంలో జారానమ్మా, కాలు వాచింది, మా వాడికి చెప్పొద్దు, బెంగళూరు నుంచి పరుగెత్తుకొస్తాడు అన్నారు. గంటలో ఇద్దరు వెళ్లి ఆస్పత్రికి తీసుకెళ్తే ఎముకకు చీలిక. నాలుగు రోజులుగా ఆయన గోడ పట్టుకుని నడుస్తున్నారు.

వరసగా రెండు నెలలు రాకపోతే ఫోన్ చాలదు, ఇంటికి వెళ్లాలి. కొందరికి ఆటో ఖర్చు సమస్య, కొందరికి ఆపరేషన్, కొందరికి ఎవరో అన్న మాట గుచ్చుకుని ఉంటుంది. ఒకావిడకు కొత్త కళ్లద్దాలు చేయించేవాళ్లు లేరు, అంతే. 2020 మార్చిలో అన్నీ మూతపడ్డప్పుడు ఈ కాగితమే మాకు మిగిలింది. నలుగురైదుగురిని కాన్ఫరెన్స్ కాల్‌లో కలిపి రెండో శనివారం నాలుగింటికే మాట్లాడుకునేవాళ్లం, బటన్ ఫోన్ ఉన్నవాళ్లు కూడా కలిసేవారు, ఒక్క నెలా తప్పలేదు.

ఈ వయసువాళ్ల సమావేశంలో పేర్లు తగ్గుతూ ఉంటాయి. ఎవరైనా పోయినప్పుడు ఆ నెల రెండు నిమిషాలు మౌనం పాటించి, వారితో తమకున్న జ్ఞాపకం ఒక్కరో ఇద్దరో చెబుతారు. పెద్దకర్మ అయ్యేదాకా ఇంటి నిండా బంధువులుంటారు, మన అవసరం అంతగా ఉండదు. పదిహేనో రోజు దాటాక, చుట్టాలంతా వెళ్లిపోయాక ఆ ఇంట్లో మిగిలిన మనిషి పేరు మీ కాగితంలో మొదటి వరసలో ఉండాలి. ఆ నెల సమావేశానికి రమ్మని అడగొద్దు, ఊరికే ఫోన్ చేయండి. తర్వాతి నెల ముందురోజు చేసి, రేపు మూడున్నరకు నేను మీ గేటు దగ్గరికి వస్తాను, కలిసి నడుద్దాం అని చెప్పండి, చెప్పిన టైముకు వెళ్లి నిలబడండి.